నాలుగు పాటలు, ఒక్క మధ్యాహ్నం: రేడియో సెషన్‌కి వెళ్లే ముందు ఏం వినాలి?

ప్రశ్న: సార్, మాది కాకినాడ. మాంచెస్టర్‌లో ఎంఎస్సీ చదువుతున్నాను. ఇక్కడ రూమ్మేట్స్ నలుగురం కలిసి చిన్న పంక్ బ్యాండ్ పెట్టుకున్నాం. నేను బేస్ గిటార్ వాయిస్తాను. స్టూడెంట్స్ నడిపే రేడియో ఒకటి ఉంది. వాళ్లు వచ్చే నెలలో ఒక మధ్యాహ్నం వచ్చి నాలుగు పాటలు రికార్డు చేసి వెళ్లమన్నారు. ఇప్పటిదాకా మేం చేసినవన్నీ లాప్‌టాప్‌లో ఒక్కొక్కరం విడివిడిగా వాయించి, తప్పులు కోసేసి, వారాల తరబడి అతికించినవే. ఒక్క పూటలో, అందరం కలిసి అనేసరికి టెన్షన్‌గా ఉంది. మా డ్రమ్మర్ ‘ముందు పీల్ సెషన్స్ విను’ అంటున్నాడు, అంటే బీబీసీలో జాన్ పీల్ కార్యక్రమం కోసం బ్యాండ్లు ప్రత్యేకంగా రికార్డు చేసిన పాటలు. జాయ్ డివిజన్ అనే బ్యాండ్‌ది విన్నాను. ఆల్బమ్ కంటే గరుకుగా అనిపించింది. ఆల్బమ్ ఉండగా ఇవి ఎందుకు వినాలి? వింటే ఏవి వినాలి? ఇంకో సంగతి, మా పాటల్లో ఒకటి నేను తెలుగులో రాశాను. ఎవరికీ అర్థం కాదు కదా, దాన్ని రేడియోకి తీసుకెళ్లొచ్చా?

సమాధానం:

బాబూ, మీ డ్రమ్మర్ మంచి మాటే చెప్పాడు, కానీ సగమే చెప్పాడు. ఆ సెషన్లను వాటి మానాన వాటిని వింటే నీకు అనిపించినట్టే అనిపిస్తుంది. అదే పాట ఆల్బమ్‌లో ఎలా ఉందో, రేడియోలో ఎలా ఉందో పక్కపక్కన పెట్టుకుని వినాలి. నీకు కావలసిందంతా ఆ తేడాలో దొరుకుతుంది.

ముందు ఆ గరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. జాన్ పీల్ 1967లో బీబీసీ రేడియో 1 మొదలైనప్పుడు అందులో పాటలు వేసే డీజేగా చేరాడు. 2004 అక్టోబర్‌లో పెరూ దేశం వెళ్లి, అక్కడ గుండెపోటుతో పోయేదాకా ఆ రేడియోలోనే ఉన్నాడు. ఆ 37 ఏళ్లలో ఆయన కార్యక్రమం కోసం రెండు వేలమందికి పైగా కళాకారులు నాలుగు వేలకు పైగా సెషన్లు చేశారు. అన్ని సెషన్లు జరిగాయంటే దానికి ఆయన అభిరుచి ఒక్కటే కారణం కాదు. అప్పట్లో బ్రిటన్‌లో ‘నీడిల్ టైమ్’ అని ఒక కట్టడి ఉండేది. రికార్డులు రోజుకి ఇన్ని గంటలకు మించి వేయకూడదని బీబీసీకి, రికార్డు కంపెనీల తరఫు సంస్థకి, సంగీతకారుల యూనియన్‌కి మధ్య ఒప్పందం. పొద్దస్తమానం రికార్డులే తిప్పితే వాయించేవాళ్ల పొట్ట కొట్టినట్టవుతుందని యూనియన్ పట్టుబట్టింది. మరి మిగతా టైమ్ నిండాలంటే ఏం చేయాలి? మనుషుల్ని పిలిపించి వాయించాలి, యూనియన్ రేటు ప్రకారం వాళ్లకి డబ్బులివ్వాలి. అలా ఒక్క రికార్డు కూడా విడుదల చేయని కుర్రాళ్లు సైతం దేశమంతా వినే రేడియోలోకి వచ్చారు. 1988లో ఆ ఒప్పందం పోయింది. సెషన్లు మాత్రం ఆగలేదు.

పీల్ గొంతు నేను మొదట విన్నది విజయవాడలో, మా నాన్నగారి షార్ట్‌వేవ్ రేడియోలో. బీబీసీ వరల్డ్ సర్వీస్‌లో కూడా ఆయన చాలా ఏళ్లు కార్యక్రమం చేశాడు. రాత్రిపూట ఏరియల్ తీగని కిటికీ ఊచకి చుట్టి, ముల్లుని వెంట్రుకవాసి జరుపుతూ పట్టుకునేవాణ్ణి. పాట అలలా లేచేది, గరగరలో మునిగేది, మళ్లీ తేలేది. అంత గోలలోనూ గిటార్ వాయిస్తున్న చేతిలో ఉన్న తొందర నాకు అందేది. మొదటిసారి విన్నప్పుడు నన్ను బాగా పట్టేసింది ఆ తొందరే. ఇప్పటికీ సెషన్లలో నేను వెతుక్కునేది దాన్నే.

ఇక స్టూడియో సంగతి. ఎక్కువ సెషన్లు పశ్చిమ లండన్‌లోని మైడా వేల్ స్టూడియోల్లో జరిగాయి. డెలావేర్ రోడ్డులో పొడుగాటి భవనం అది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చక్రాల స్కేటింగ్ కోసం కట్టారు. 1930లలో బీబీసీ తీసుకుంది. ఒక హాల్లో సింఫనీ ఆర్కెస్ట్రా సాధన చేసుకుంటుంటే, అదే భవనంలో మరో గదిలో పంక్ కుర్రాళ్లు ఆంప్లిఫయర్లు దించుకునేవాళ్లు. మధ్యాహ్నం రావాలి, సామాను పెట్టుకోవాలి, మామూలుగా నాలుగు పాటలు వాయించాలి, సాయంత్రానికి మిక్సింగ్ (గొంతు, వాద్యాల చప్పుళ్లని సమపాళ్లలో కలపడం) మొదలుపెట్టాలి, రాత్రికి ఇంటికెళ్లాలి. పీల్ సాధారణంగా అక్కడికి వెళ్లేవాడు కాదు. పని చూసేది బీబీసీ ప్రొడ్యూసర్లు, ఇంజనీర్లు. ప్రొడ్యూసర్లలో డేల్ గ్రిఫిన్ అని ఒకాయన ఉండేవాడు. మాట్ ద హూపుల్ అనే బృందంలో డ్రమ్మర్‌గా చేసి, తర్వాత ఈ పనిలోకి వచ్చి లెక్కలేనన్ని సెషన్లు రికార్డు చేశాడు.

ఇక్కడ నీ టెన్షన్ కొంత తగ్గే విషయం ఒకటుంది. పీల్ సెషన్లు చాలామటుకు నూటికి నూరుపాళ్లు లైవ్ కావు. అందరూ కలిసి వాయించాక, గాత్రం మళ్లీ ఒకసారి పాడి పైన వేసేవాళ్లు. వీలైతే ఇంకో గిటార్ కూడా కలిపేవాళ్లు. లేనిదల్లా టైమ్ ఒక్కటే. ఒక తప్పు దొర్లితే దాన్ని దిద్దాలా, నాలుగో పాటకి టైమ్ ఉంచుకోవాలా అన్నది అక్కడికక్కడే తేల్చుకోవాలి. మీరు కూడా ఆ మధ్యాహ్నం పదిసార్లు ఇదే తేల్చుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు జాయ్ డివిజన్ దగ్గరికి వద్దాం. నువ్వుండే ఊరివాళ్లే, నువ్వు వాయించే వాద్యమే వాళ్ల పాటలకి ప్రాణం. వాళ్లు పీల్‌కి రెండే సెషన్లు ఇచ్చారు. రెండూ 1979లోనే, ఒకటి జనవరి 31న, ఇంకొకటి నవంబర్ 26న. మధ్యలో జూన్‌లో ‘అన్‌నోన్ ప్లెజర్స్’ ఆల్బమ్ వచ్చింది. నీకు పక్కనే ఉన్న స్టాక్‌పోర్ట్‌లో, స్ట్రాబెర్రీ స్టూడియోలో మార్టిన్ హానెట్ అనే ప్రొడ్యూసర్ దాన్ని చేశాడు. డ్రమ్స్‌లో ఒక్కో చప్పుడు శుభ్రంగా విడిగా రావాలని స్టీఫెన్ మోరిస్ చేత ముక్కలు ముక్కలుగా వాయించాడు. చుట్టూ ఖాళీ గోదాములాంటి ప్రతిధ్వని పెట్టాడు. అది గొప్ప ఆల్బమ్, అందులో నాకు రెండో మాట లేదు. కానీ వేదిక మీద మేం వాయించే ధాటి ఇందులో రాలేదని బ్యాండ్‌లో గిటార్, బేస్ వాయించేవాళ్లకి అప్పట్లో అసంతృప్తి ఉండేది. ఆ అసంతృప్తి ఎందుకో తెలియాలంటే జనవరి సెషన్ వినాలి.

‘షీజ్ లాస్ట్ కంట్రోల్’ పాట రెండింటిలోనూ ఉంది. ఈ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముందు ఆల్బమ్‌లోది విను. డ్రమ్ ఒక పక్క, గొంతు ఇంకెక్కడో దూరాన, మధ్యలో చీకటి. వెంటనే సెషన్‌లోది పెట్టు. గోడలు దగ్గరికి జరిగినట్టుంటుంది. నలుగురూ ఒకే గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిస్తున్నారని తెలిసిపోతుంది. పీటర్ హుక్ బేస్ మీద చెవి పెట్టు. అతను మంద్రంగా పలికే తీగల మీద తాళం పట్టుకుని కూర్చోడు, పై స్థాయి తీగల మీద రాగం నడుపుతాడు. మొదట్లో అతని ఆంప్లిఫయర్ నాసిది. గిటార్ హోరులో తన బేస్ తనకే వినపడక పై స్థాయికి వెళ్లాడు, అదే అతని బాణీ అయింది. సెషన్‌లో ఆ బేస్ గొంతుతో పోటీ పడి పాడుతుంది. బేస్ వాయించేవాడివి నువ్వు, ఈ ఒక్క పాట మీద నాలుగు రోజులు కూర్చున్నా తప్పులేదు.

నవంబర్ సెషన్‌లో ‘లవ్ విల్ టేర్ అజ్ అపార్ట్’ ఉంది. ఆ పాట సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా, బయటికొచ్చేసరికి 1980 జూన్. దానికి నెల ముందే, మే 18న, ఆ పాట పాడిన ఇయాన్ కర్టిస్ చనిపోయాడు. అందుకని లోకం ఆ పాటని ఎప్పుడూ ఒక చావు వార్తతో కలిపే వింది. సెషన్‌లో ఆ నీడ లేదు. కొత్తగా కట్టిన పాటని నలుగురు కుర్రాళ్లు ఉత్సాహంగా, కాస్త వేగంగా వాయిస్తున్నారు, అంతే. నేను ఎన్నిసార్లు విన్నా ఆ ఉత్సాహం దగ్గర ఆగిపోతాను. ఆల్బమ్ ఉండగా ఇది ఎందుకు అని అడిగావు కదా, నా మటుకు నాకు ఈ ఒక్క రికార్డింగ్ చాలు.

రెండో జత స్మిత్స్ అనే బ్యాండ్‌ది, వాళ్లూ మీ ఊరివాళ్లే. 1983 మేలో మొదటి పీల్ సెషన్ చేశారు. మొదటి ఆల్బమ్ 1984 ఫిబ్రవరిలో వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో, రేడియో సెషన్లను సింగిల్స్‌తో కలిపి ‘హ్యాట్‌ఫుల్ ఆఫ్ హాలో’ అని ఇంకో రికార్డు వేశారు. దీన్ని ఆల్బమ్ కంటే మెచ్చుకునేవాళ్లు బోలెడంతమంది, నేనూ వాళ్లలో ఒకణ్ణి. ‘రీల్ అరౌండ్ ద ఫౌంటెన్’ రెండింటిలోనూ విను. ఆల్బమ్‌లో బయటి నుంచి ఒకాయన్ని పిలిచి పియానో వాయింపించారు. సెషన్‌లో పియానో లేదు. ఆ ఖాళీలో గిటార్ ఊపిరి తీసుకుంటుంది. మీ లాప్‌టాప్ రికార్డింగులో ఎన్ని పొరలు వేశారో నాకు తెలియదు కానీ, రేడియోకి వెళ్లేది మాత్రం నలుగురే. పోయిన పొరల కోసం బెంగపడకు. పాట నిలబడాలంటే ఏది చాలో అప్పుడు తెలుస్తుంది.

మూడోది స్లిట్స్. నలుగురు అమ్మాయిలు. 1977 సెప్టెంబర్‌లో మొదటి సెషన్ చేసేటప్పటికి పాడే ఆరి అప్‌కి పదిహేనేళ్లు. వాళ్ల ఆల్బమ్ ‘కట్’ రావడానికి ఇంకా రెండేళ్లుంది. ఈలోగా డ్రమ్మర్ పామోలివ్ వెళ్లిపోయింది, ఆల్బమ్‌కి బడ్జీ అనే అతను వాయించాడు. రెగే సంగీతంలో ఆరితేరిన డెనిస్ బొవెల్ ప్రొడ్యూసర్‌గా వచ్చాడు. ‘న్యూటౌన్’ అనే పాట ఆల్బమ్‌లో విడివిడిగా, ఖాళీలు ఖాళీలుగా నడుస్తుంది. అగ్గిపుల్ల చప్పుడు కూడా తాళంలో కలిపారు. ఎంతో తెలివైన పని. సెషన్‌లోని ‘న్యూటౌన్’లో ఆ తెలివి లేదు. బడి వదిలాక వీధిలోకి ఒక్కసారి వచ్చి పడ్డ పిల్లల గోల ఉంది. తాళం అటూ ఇటూ ఊగుతుంది, ఎవరూ ఆగరు. శ్రుతి, లయ కుదరలేదని ముఖం చిట్లించుకునే సంగీతజ్ఞులు నాకు తెలుసు. వాళ్ల మాట నేను ఒప్పుకోను. పామోలివ్ డ్రమ్స్ ఒక్కసారి జాగ్రత్తగా విను. పాట ఎటు పోతోందో ఆ అమ్మాయికి తెలుసు, మిగతా ముగ్గురూ ఆమెనే పట్టుకుని పరిగెడుతున్నారు. ఈ సెషన్లంటే పీల్‌కి కూడా ప్రాణం.

మీ డ్రమ్మర్ తడబడితే ఏం చేయాలన్నది ఇక్కడ నేర్చుకోవచ్చు. అతనితోపాటు వెళ్లు. బేస్ పట్టుకున్నవాడు డ్రమ్ముని వదిలేసి సరైన తాళం అంటూ తన దారిన తను పోతే పాట రెండు ముక్కలవుతుంది. ఇద్దరూ కలిసి తప్పితే చాలాసార్లు అది తప్పులాగే వినపడదు.

టైమ్ ఉంటే ఫాల్ అనే బృందం కూడా విను. మళ్లీ మీ ఊరివాళ్లే. 1978 నుంచి 2004 దాకా పీల్‌కి 24 సెషన్లు చేశారు. పాడే మార్క్ ఈ స్మిత్ ఒక్కడే మొదటి నుంచి చివరిదాకా ఉన్నాడు, పక్కనున్నవాళ్లు మారుతూనే ఉన్నారు. అన్నీ విననక్కర్లేదు. 1980లోని ‘న్యూ ప్యూరిటన్’ ఒక్కటి వింటే చాలు. ఆ పాట అంతకుముందు ఒక రికార్డులో నలిగిపోయిన చిత్తుప్రతిలాంటి రూపంలో ఉంది. సెషన్‌లోకి వచ్చేసరికి ఉప్పెనలా మీద పడుతుంది. ఆ పాటకి అసలు రూపం అంటే నాకు ఆ రేడియో రికార్డింగే.

నాలుగు పాటలు అనే లెక్క దగ్గర కూడా బెదిరిపోవద్దు. నేపామ్ డెత్ అనే బ్యాండ్ వాళ్లు 1987లో తమ మొదటి సెషన్‌లో పన్నెండు పాటలు వాయించారు. అన్నీ కలిపి ఆరు నిమిషాల లోపే. వైర్ బృందం 1979లో తమ మూడో సెషన్‌కి వచ్చి ఒకే ఒక్క పాటని పదిహేను నిమిషాలు వాయించి వెళ్లిపోయింది. 1990లో నిర్వాణా బృందం వచ్చి సొంత పాట ఒక్కటీ పాడలేదు. నాలుగూ వేరేవాళ్లవే. వేసలిన్స్‌వి రెండు, వైపర్స్‌ది ఒకటి, డీవోది ఒకటి. కొత్తగా చేరిన డ్రమ్మర్ డేవ్ గ్రోల్ ఆ బృందంతో చేసిన మొదటి రికార్డింగ్ అది. ఇష్టమైనవాళ్ల పాటలు వాయిస్తుంటే కొత్త మనిషితో చేయి కలవడం తేలికని నాకనిపిస్తుంది. మీ నాలుగో పాట ఇంకా కుదరకపోతే మీకు బాగా నచ్చిన వేరే పాట ఒకటి పెట్టుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

క్లాష్ కూడా సెషన్‌కి వెళ్లారు, పూర్తి చేయకుండానే వచ్చేశారు. అక్కడి పరికరాలు తమకి సరిపోవన్నారని పీల్ తర్వాత చెప్పాడు. నాకు ఎంతో ఇష్టమైన బ్యాండ్ అది. వాళ్ల పీల్ సెషన్ లేకపోవడం ఇప్పటికీ బాధే. మీకిచ్చే గదిలో మైకులు తక్కువుండొచ్చు, ఆంప్లిఫయర్ బరబరలాడొచ్చు. ఉన్నదాంతో వాయించండి.

ఇక పని గురించి నాలుగు మాటలు. కాలేజీ రోజుల్లో మేం ఒక చిన్న స్టూడియోలో మూడు గంటలు తీసుకుని రికార్డింగుకి వెళ్లాం. గిటార్‌కి పొద్దున్నే కొత్త తీగలు వేసుకుని వెళ్లాను. కొత్త తీగ సాగుతుంది, పాట సగంలోకి వచ్చేసరికి శ్రుతి జారిపోతుంది. బిగించడం, వాయించడం, మళ్లీ బిగించడం. మొదటి గంటంతా దానికే పోయింది. మిగిలిన రెండు గంటలూ అందరి మొహాల్లో కోపమే. ఆ టేపు ఇప్పటికీ నా దగ్గర ఉంది. శ్రుతి తేడా కంటే ఎక్కువగా ఆ కోపమే వినపడుతుంది. నీ బేస్ తీగలు అంత తరచుగా మార్చనక్కర్లేదు కానీ, మీ గిటారిస్టుకి చెప్పు, మార్చేదేదో రెండు మూడు రోజుల ముందే మార్చుకుని, బాగా వాయించి సాగదీసి పెట్టుకోమను.

రేడియోవాళ్లని ముందే అడగండి, అందరం ఒకే గదిలో కలిసి వాయించొచ్చా, గాత్రం తర్వాత మళ్లీ పాడనిస్తారా, మిక్సింగ్ ఎవరు చేస్తారు అని. డ్రమ్స్‌కి మైకులు పెట్టి చప్పుడు సరిచూసుకోవడానికే అన్నిటికంటే ఎక్కువ టైమ్ పడుతుంది. మీ డ్రమ్మర్ అందరికంటే ముందు వెళ్లాలి. మొదటి పాటగా కష్టమైనది పెట్టకండి, నిద్రలో లేపినా వాయించగలిగేది పెట్టండి. ఒక్కో పాటకి మూడు టేకులు దాటనివ్వకండి. నా అనుభవంలో మూడో టేక్ తర్వాత తప్పులు తగ్గుతాయి, ప్రాణమూ తగ్గుతుంది. ప్రతి టేక్ అవగానే లోపలికి పరిగెత్తి వినొద్దు. పాట మధ్యలో కూలిపోతే మొదటి నుంచి వాయించండి, కూలకపోతే ముందుకు వెళ్లండి. చివరి గంట మిక్సింగ్‌కి వదలండి.

ఇప్పటి నుంచే వారానికి రెండు రోజులు లాప్‌టాప్ మూసేసి, ఒక ఫోన్ గది మధ్యలో పెట్టి, నాలుగు పాటలూ ఆపకుండా వాయించి రికార్డు చేయండి. ఆ రోజు వినొద్దు. మర్నాడు వినండి. మొదటిసారి భరించలేనట్టుంటుంది. మూడో వారానికి ఎవరు ఎవర్ని వినడం లేదో మీకే తెలిసిపోతుంది. సాధారణంగా గొడవంతా అక్కడే ఉంటుంది, వేళ్లలో కాదు.

చివరికి మీ తెలుగు పాట. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న ఇది. మీకు దగ్గరలోనే ఉన్న లీడ్స్ నగరంలో మొదలైన వెడ్డింగ్ ప్రెజెంట్ అని ఒక బ్యాండ్ ఉంది. గిటార్లు యమా వేగంగా వాయిస్తారు. వాళ్ల గిటారిస్టు పీటర్ సొలౌకా తండ్రి యుక్రెయిన్ మనిషి. ఇంట్లో విని పెరిగిన ఆ జానపద పాటల్ని పీల్ సెషన్లకి పట్టుకెళ్లారు. యుక్రెయిన్ భాషలోనే పాడారు, మాండొలిన్, వయొలిన్ కలిపారు, వేగం మాత్రం తగ్గించలేదు. వింటున్న ఇంగ్లిష్ జనంలో ఆ భాష వచ్చినవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు? అయినా అది అంత బాగా నచ్చడంతో 1989లో ఆ సెషన్లే ఒక ఆల్బమ్‌గా వచ్చాయి. ఆ తర్వాత సొలౌకా ఆ పాటల కోసమే ‘ది యుక్రేనియన్స్’ అని ఇంకో బృందం పెట్టాడు.

అవి విను. పాడే మనిషి ఏమంటున్నాడో నీకు ఒక్క ముక్క తెలియదు, కానీ ఎందుకు పాడుతున్నాడో తెలుస్తుంది. ఇన్నాళ్లూ ఇంగ్లిష్ పంక్ పాటల్లో సగం మాటలు నీకు మాత్రం అర్థమయ్యాయా? అయినా వాటి కోసమే బేస్ కొనుక్కున్నావు.

కాబట్టి తెలుగు పాట తప్పకుండా పెట్టు. అనువదించకు, మధ్యలో ఇంగ్లిష్ లైను అతికించకు, వాయించే ముందు అర్థం చెప్తూ కూర్చోకు. మాటలు గుంపుగా పడుతున్న చోట వాయిద్యాలు కాస్త తగ్గితే చాలు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కదా, చివర సాగదీసి అరవడానికి మంచి వీలు. దాన్ని మూడో పాటగా పెట్టండి. అప్పటికి చేతులు వేడెక్కి ఉంటాయి, అలసట ఇంకా వచ్చి ఉండదు.